వైన్ రుచి చూడటం ఎలా నేర్చుకోవాలి? "బాగుంది", "పుల్లగా ఉంది" దాటి ముందుకు పోవడం లేదు

మియాపూర్_మధు
అందరికీ నమస్కారం. నేను మామూలుగా బీరు, విస్కీ మనిషిని. ఆఫీసు పార్టీల్లో వైన్ ఇస్తే తాగుతాను. ఎన్నిసార్లు తాగినా నాకు తెలిసింది రెండే ముక్కలు: బాగుంది, లేదా పుల్లగా ఉంది. మా టీమ్‌లో ఒకాయన మాత్రం గ్లాసులో ముక్కు పెట్టి చెర్రీ, తోలు, పొగాకు అంటూ దండకం చదివేస్తాడు. సీసా వెనక లేబుల్ చూసి చెప్తున్నాడేమోనని కనిపెట్టి చూశాను. అదేం లేదు.

ఇది నేర్చుకుంటే వచ్చేదేనా, లేక కొందరికి పుట్టుకతో వచ్చే ముక్కా? కోర్సుల మీద డబ్బు పెట్టే ఉద్దేశం లేదు. హైదరాబాద్‌లో దొరికే సీసాలతో ఇంట్లోనే మొదలుపెట్టాలంటే ఎలా?

కాకినాడ_కాజా
ముందు సీసా తెరవడం నేర్చుకో బ్రో. మా రూమ్‌లో ఓపెనర్ లేక స్క్రూడ్రైవర్‌తో కార్క్ లోపలికి తోసేశారు. వైన్‌కి బదులు కార్క్ పొట్టు నమిలాం.

శ్రీలత_లివర్‌మోర్
మధు గారూ, చెర్రీ, తోలు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వాసనల పేర్లతో మొదలుపెట్టినవాళ్ళే త్వరగా విసుగెత్తి మానేస్తారు. ముందు నోట్లో ఏం జరుగుతోందో చూడండి. చూడాల్సినవి నాలుగే: పులుపు, వగరు, తీపి, ఆల్కహాల్ ఘాటు.

మింగిన తర్వాత నోట్లో నీళ్ళూరుతున్నాయా? ఎంత ఊరితే అంత పులుపు ఉన్నట్టు. చిగుళ్ళు, బుగ్గల లోపలి వైపు పట్టేసినట్టుండి నాలుక గరుకుగా తగులుతోందా? అది వగరు. వైన్ భాషలో టానిన్. నేరేడుపళ్ళు నాలుగు ఎక్కువ తింటే నోరు ఎలా అవుతుందో అదే. గొంతు దగ్గర వెచ్చగా మంట పుడితే ఆల్కహాల్ ఎక్కువ, 14 శాతం దాటిన వైన్లలో బాగా తెలుస్తుంది.

తీపి దగ్గర మాత్రం జాగ్రత్త. పండు వాసన గుప్పుమంటే మెదడు దాన్ని తీపి అనుకుంటుంది. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగండి. అప్పుడు కూడా తియ్యగా ఉంటే నిజంగా చక్కెర మిగిలి ఉన్నట్టు. లేకపోతే అది పూర్తిగా డ్రై, అంటే చక్కెర మిగలని వైన్, మిమ్మల్ని మోసం చేసింది వాసనే.

ఇంకో మాట. ఒక్క సీసా తెరిచి కూర్చుంటే జీవితాంతం "బాగుంది" దగ్గరే ఉండిపోతారు. రెండు గ్లాసుల్లో రెండు వేరే వైన్లు పోసి మార్చి మార్చి తాగాలి. దేంట్లో పులుపు ఎక్కువ అన్న ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పగలరు. దీంట్లో పులుపు ఎంత అంటే నాకూ కష్టమే.

మియాపూర్_మధు
ముక్కు మూసుకునే చిట్కా ఇప్పుడే మామిడి జ్యూస్‌తో చూశాను మేడమ్. మామిడి మాయమైపోయింది! పంచదార నీళ్ళు మిగిలాయి. ఏ రెండు సీసాలు కొనమంటారు?

బెంగళూరు_సిరి
నేను హోటల్ లైన్‌లో ఉన్నాను, వైన్ సర్వీసే నా పని. జేబుకి భారం కాకుండా అయితే తెల్లదాంట్లో నాసిక్ సావిన్యాన్ బ్లాంక్ ఒకటి, ఓక్ పీపాలో ఉంచిన షార్డొనే ఒకటి. మొదటిది పచ్చిగా, పుల్లగా, చురుగ్గా ఉంటుంది. రెండోదాంట్లో వనిల్లా, వెన్న తగులుతాయి, నోట్లో కాస్త చిక్కగా ఉంటుంది. ఈ రెండిటి మధ్య తేడా పట్టలేకపోయినవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

ఎరుపుకి వచ్చాక క్యాబర్నే సావిన్యాన్, పీనో నువార్ పక్కపక్కన పెట్టండి. వగరు అంటే ఏమిటో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

గ్లాసు కోసం పెద్దగా ఖర్చు పెట్టకండి. కింద వెడల్పుగా, పైన మూతి ఇరుకుగా ఉంటే చాలు. మూడో వంతు దాకే పోయండి. మనవాళ్ళు మర్యాదగా అంచు దాకా నింపుతారు, ఇక తిప్పేదెక్కడ, వాసన నిలిచేదెక్కడ? అలాగే గ్లాసు గోడల మీద కారే చారలు చూసి "మంచి సరుకు" అని తల ఊపేవాళ్ళుంటారు. ఆ చారలు ఆల్కహాల్ ఆవిరయ్యే తీరు వల్ల వచ్చేవి. నాణ్యతకీ వాటికీ సంబంధం లేదు.

కెమిస్ట్రీ_మాస్టారు
సిరి గారు చెప్పిన వెన్న, వనిల్లా మీద చిన్న వివరం. వెన్న ద్రాక్షలోంచి రాదు. కొన్ని బ్యాక్టీరియాలు వైన్‌లోని మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ క్రమంలో డైఅసిటైల్ అనే పదార్థం పుడుతుంది, వెన్న వాసన దానిదే. వనిల్లా ఓక్ కలపది. అమెరికన్ ఓక్ అయితే కొబ్బరి వాసన కూడా వస్తుంది.

సావిన్యాన్ బ్లాంక్‌లో పచ్చి క్యాప్సికం వాసనకి పైరజీన్లు అనే పదార్థాలు కారణం. అవే క్యాబర్నేలో కూడా ఉంటాయి. అంటే మూడు చోట్ల నుంచి వాసన వస్తోందన్నమాట: ద్రాక్ష నుంచి, పులియబెట్టడం నుంచి, పీపా లేక ఏళ్ళ తరబడి నిల్వ నుంచి. పేరు గుర్తుకు రాకపోయినా, ఈ మూడిట్లో ఎక్కడిదై ఉంటుందని ఆలోచిస్తే సగం దూరం వచ్చినట్టే.

వగరు విషయం. టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేస్తాయి. నోట్లో జిగురు తగ్గి గరుకుగా అనిపించేది అందుకే. అవి ఉండేది ద్రాక్ష తొక్కలో, గింజల్లో. ఎర్ర వైన్‌ని తొక్కతో సహా పులియబెడతారు, తెల్లదానికి ముందే రసం పిండి తొక్క తీసేస్తారు. తేడా అక్కడే వచ్చింది.

ఎర్రబస్సు
ఇదంతా బిల్డప్ అని నా అభిప్రాయం. ఫ్రాన్స్‌లో బోర్డో యూనివర్సిటీలో వైన్ చదివే 54 మందికి తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్ళంతా ఎర్ర వైన్‌కి వాడే మాటలు రాసిచ్చారు. 2001లో అచ్చయిన పరిశోధన ఇది. చదువుకున్నవాళ్ళ గతే అది అయితే మధు ఏం నేర్చుకుంటాడు? దండకం చదవడం తప్ప.

కాకినాడ_కాజా
బస్సు దిగింది 😄

బెంగళూరు_సిరి
ఆ పరిశోధన మాకు క్లాసులోనే చెప్తారు సర్, దాచేదేం లేదు. అది చెప్పేదేమిటంటే కన్ను ముక్కుని ఏమారుస్తుందని. వాళ్ళనడిగింది వాసనకి సరిపోయే మాటలు. పులుపు, వగరు ఎంతున్నాయో కొలవమని కాదు. కళ్ళు ఏమారుస్తాయి కాబట్టే లేబుల్ దాచి తాగించే పద్ధతి పెట్టుకున్నారు.

1976 మే 24న పారిస్‌లో జరిగింది చూడండి. స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వ్యాపారి ఫ్రెంచ్ జడ్జిలని కూర్చోబెట్టి, లేబుళ్ళు దాచి, ఫ్రెంచ్ వైన్లతో పాటు కాలిఫోర్నియావి కూడా పోయించాడు. తెల్లవాటిలో షాటో మాంటలీనా 1973 షార్డొనే, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ 1973 క్యాబర్నే మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ కాలిఫోర్నియాలోని నాపా ప్రాంతానివే. లేబుల్ కనపడి ఉంటే ఆ జడ్జిలు వాటికి ఆ మార్కులు వేసేవాళ్ళు కాదనే నేననుకుంటాను.

ఎర్రబస్సు
అంటే జడ్జిలకి ఫ్రెంచిది ఏదో, అమెరికాది ఏదో తెలియలేదనే కదా? నా మాటే నెగ్గింది.

బెంగళూరు_సిరి
ఏ దేశానిదో చెప్పడం వేరు, ఏది బాగా చేసిందో చెప్పడం వేరు సర్. మొదటిది కష్టమని ఒప్పుకుంటాను. ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళు కూడా తప్పుతారు. మధు గారు అడిగింది రెండోదాని గురించి.

శ్రీలత_లివర్‌మోర్
ఎర్రబస్సు గారిని పూర్తిగా కొట్టిపారేయను. ముక్కులన్నీ ఒక్కటి కావు. సిరా (Syrah) అనే ద్రాక్షతో చేసే ఎర్ర వైన్‌లో మిరియాల వాసన ఇచ్చే రొటండోన్ అనే పదార్థం ఉంది, సాక్షాత్తూ మిరియాల్లో ఉండేదే. అయిదుగురిలో ఒకరికి దాని వాసన దాదాపు తెలియదు. మా ఇంట్లో ఆ ఒకరు మా ఆయన. ఆయనతో వాదించి లాభం లేదు, అసలా వాసన ఆయనకి అందనే అందదు.

అందుకే పక్కవాళ్ళు మిరియాలు అన్నారని మీరూ రాసుకోకండి మధు గారూ. మీకు తగిలిందే రాసుకోండి.

నెల్లూరు_లావణ్య
నేను తాగను. కానీ ఈ ముక్కు సంగతి భలే ఆసక్తిగా ఉంది. తాగకుండా సాధన చేసే దారి ఏమన్నా ఉందా?

కెమిస్ట్రీ_మాస్టారు
మీ వంటింట్లోనే ఉందమ్మా. పోపుల డబ్బా ముందు కళ్ళు మూసుకుని కూర్చోండి, ఎవరినైనా ఒక్కో గిన్నె ముక్కు దగ్గర పెట్టమనండి. మెంతులు, జీలకర్ర, లవంగం, యాలకులు. రోజూ వాడేవే కదా అనుకుంటారు, కంటికి కనపడకపోతే లవంగమా దాల్చినచెక్కా అని తడుముకుంటారు. వాసన ముక్కుకి తెలుస్తుంది, పేరు మాత్రం నోటికి రాదు. పేరుని, వాసనని కలిపి కట్టడమే అసలు సాధన. వైన్‌లో లవంగం వాసన పట్టేవాడు కూడా ముందు చేసింది ఇదే.

కాలిఫోర్నియాలో డేవిస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆన్ నోబుల్ 1980లలో వైన్ వాసనలన్నిటినీ ఒక చక్రంగా గీశారు. మధ్యలో "పండు", "మసాలా" లాంటి పెద్ద గుంపులు, బయటికి పోయేకొద్దీ విడివిడి పేర్లు. ఆవిడ విద్యార్థులకి నేర్పిన పద్ధతి ఇంకా బాగుంటుంది. ఏ ప్రత్యేకతా లేని చవక వైన్ గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో క్యాప్సికం ముక్క, ఇంకోదాంట్లో లవంగం వేసి కాసేపు ఉంచి వాసన చూడటం.

మియాపూర్_మధు
మాస్టారూ, ఆ చక్రం ఫొటో చూశాను. బ్లాక్‌బెర్రీ, గూస్‌బెర్రీ, బ్లాక్‌కరంట్... నాకు తెలిసిన బ్లాక్‌కరంట్ ఐస్‌క్రీమ్‌లో ఉండేదే. తినని పండు వాసన ఎలా గుర్తుపట్టేది?

బెంగళూరు_సిరి
పట్టక్కర్లేదు. మీకు నేరేడు అనిపిస్తే నేరేడనే రాయండి. సావిన్యాన్ బ్లాంక్‌లో మన వాళ్ళకి పచ్చి జామకాయ దొరుకుతుంది. గెవుర్జ్‌ట్రామినర్ అనే ద్రాక్షలో గులాబీ, లిచీ వాసన చాలా స్పష్టంగా ఉంటుంది, గులాబ్‌జామ్ పాకంలో రోజ్ వాటర్ వేస్తారే, అది గుర్తొస్తుంది. ఏళ్ళ తరబడి నిల్వ ఉంచిన రీస్లింగ్ అనే తెల్ల వైన్‌లో అయితే పెట్రోల్! నేను ఊరికే అనడం లేదు, మా వాళ్ళంతా ఆ మాటే వాడతారు, అది తప్పు కింద లెక్క కాదు.

పరీక్షలు రాసేవాళ్ళకి మాత్రం అందరికీ అర్థమయ్యే పేర్లు కావాలి. లండన్‌లో 1969లో మొదలైన డబ్ల్యూసెట్ అనే సంస్థ కోర్సులు మన నగరాల్లోనూ నడుస్తున్నాయి. రెండో లెవెల్ దాకా రాతపరీక్షే, మూడో లెవెల్ నుంచి గ్లాసు ముందు పెట్టి రాయిస్తారు. 2016లో సోనల్ హాలండ్ మన దేశం నుంచి తొలి మాస్టర్ ఆఫ్ వైన్ అయ్యారు, వైన్ రంగంలో చాలా పెద్ద అర్హత అది. మీకు అంత అవసరం లేదు లెండి.

గుంటూరు_పద్మ
అక్కడ చీజ్‌తో తాగుతారు సరే, మన ఇంట్లో ఉండేది కారం. మొన్న కోడి వేపుడుతో క్యాబర్నే తాగితే నాలుక మీద నిప్పు పెట్టినట్టయింది. తప్పు వేపుడుదా, వైన్‌దా?

శ్రీలత_లివర్‌మోర్
రెండిటిదీ, పద్మ గారూ. ఆల్కహాల్ కారం మంటని పెంచుతుంది. కారం తిన్న నోటికి వగరు ఇంకా మోటుగా తగులుతుంది. మన కారానికి కాస్త తీపి మిగిలిన, ఆల్కహాల్ తక్కువున్న తెల్ల వైన్ బాగుంటుంది. కొంచెం తియ్యటి రీస్లింగ్, షెనిన్ బ్లాంక్ అలాంటివి. రోజే (rosé) అనే గులాబీ రంగు వైన్ చల్లగా తాగితే అది కూడా నాకు నచ్చింది.

గోంగూర లాంటి పుల్లటి కూరకి సూత్రం వేరు. కూర కన్నా వైన్ పులుపు తక్కువైతే వైన్ నీళ్ళలా అయిపోతుంది. కాబట్టి గోంగూర పక్కన బాగా పుల్లగా ఉండే సావిన్యాన్ బ్లాంకే నిలబడుతుంది. ఇక ఆవకాయ పక్కన నేను ఏ వైనూ పెట్టను. ఆవకాయకి తోడు ముద్దపప్పే.

కాకినాడ_కాజా
+1 ఆవకాయ. ఈ థ్రెడ్‌లో ఇంతవరకు నాకు అర్థమైన ఒకే ఒక్క వాక్యం.

రవి_నాసిక్
ఊరు బాపట్ల, ఉద్యోగం నాసిక్‌లో. ద్రాక్ష తోటల పక్కనే ఉంటాను కాబట్టి రెండు మాటలు.

వైన్ ద్రాక్ష పచ్చిగా తిని చూడండి, రుచి చూడటం సగం అక్కడే తెలుస్తుంది. మనం తినే థాంప్సన్ సీడ్‌లెస్‌కి తొక్క పలుచన, గింజ ఉండదు, నీరు ఎక్కువ. హైదరాబాద్ చుట్టుపక్కల పెద్దవాళ్ళకి బాగా తెలిసిన అనాబ్‌-ఎ-షాహీ కూడా తినే రకమే. వైన్ ద్రాక్ష చిన్నగా ఉంటుంది, మందపాటి తొక్క, లోపల గింజలు. తియ్యదనం మాత్రం తినేవాటికన్నా ఎక్కువ. తొక్క నమిలితే వగరు, గింజ కొరికితే చేదు. గ్లాసులో మీరు వెతికేవన్నీ అక్కడ విడివిడిగా దొరుకుతాయి.

ఇక్కడ కోత యూరప్‌లో లాగా ఆగస్టు, సెప్టెంబర్లలో ఉండదు. ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబర్ ప్రాంతంలో ఇంకోసారి కొమ్మలు కత్తిరిస్తారు. రెండో కత్తిరింపు తర్వాత వచ్చిన కాయ జనవరి నుంచి మార్చి మధ్య కోతకొస్తుంది. ఆ రోజుల్లో వస్తే వైనరీల్లో తొట్టెల దగ్గర నిలబడి చూడొచ్చు. ఇక్కడి సులా అనే వైనరీ వాళ్ళ మొదటి వైన్లు వచ్చింది 2000లో. ఇప్పుడు చుట్టుపక్కల చాలా వైనరీల్లో టేస్టింగ్ రూములున్నాయి. చిన్న చిన్న మోతాదుల్లో వరసగా పోస్తారు, శ్రీలత గారు చెప్పినట్టు పోల్చి చూడటానికి అంతకన్నా చవకైన దారి నాకు తెలియదు.

మనవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదేం? హంపి దగ్గర కొండల్లో కృష్మా ఎస్టేట్స్ పెట్టింది హైదరాబాద్ దంపతులు కృష్ణప్రసాద్, ఉమ చిగురుపాటి. వాళ్ళ క్యాబర్నే దొరికితే వదలకండి. అటు సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రటెల్లి వాళ్ళు ఇటలీ రకం సాంజొవేసె వేశారు. ఈ రెండూ పక్కపక్కన పోసుకోండి.

మియాపూర్_మధు
అందరికీ థాంక్స్. శనివారం రాత్రి మొదలుపెట్టేశాను. నాసిక్ సావిన్యాన్ బ్లాంక్, ఓక్‌లో ఉంచిన షార్డొనే. రెండిటికీ న్యూస్‌పేపర్ చుట్టి మా ఆవిడ చేత పోయించాను. నా నోట్‌బుక్‌లో రాసింది ఉన్నదున్నట్టు:

"ఎడమ గ్లాసు: దాదాపు నీళ్ళ రంగు. ముక్కు పెట్టగానే పచ్చి వాసన, జామకాయ పిందెలా. కొంచెం నిమ్మతొక్క. మింగాక దవడ కింద నీళ్ళే నీళ్ళు. త్వరగా అయిపోయింది.
కుడి గ్లాసు: పసుపు కలిసిన రంగు. మొదట ఏమీ లేదు. కాసేపయ్యాక బిస్కెట్ ఫ్యాక్టరీ. నోట్లో బరువు. మింగాక కూడా ఇంకా ఉంది."

కుడిదాంట్లో మొదట ఏ వాసనా రాలేదేంటి? మా ఆవిడ ఏమో ఎడమదాంట్లో కొత్తిమీర అంది. నాకు రాలేదు, రాయలేదు.

కెమిస్ట్రీ_మాస్టారు
నేరుగా ఫ్రిజ్‌లోంచి తీసి పోశారు కదూ? చలికి వాసనలు పైకి లేవవు. షార్డొనే లాంటివి పది పదిహేను నిమిషాలు బయట ఉంచి పోయండి. 10 నుంచి 12 డిగ్రీలు ఉంటే చాలు. ఎర్ర వైన్‌కి ఇదే తిరగేసి. "రూమ్ టెంపరేచర్" అని పుస్తకాల్లో రాసింది చలి దేశాల గదుల సంగతి, మే నెలలో మియాపూర్ గది కాదు. ఎర్రదాన్ని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి 16, 18 డిగ్రీలకి తెచ్చుకోండి. లేకపోతే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకి కొడుతుంది.

బెంగళూరు_సిరి
నోట్స్ భలే ఉన్నాయి! "మింగాక కూడా ఇంకా ఉంది" అన్నారే, దాన్నే ఫినిష్ అంటారు. గడియారం పెట్టి చూడండి, ఎన్ని సెకన్లు నిలిచిందో రాయండి. మంచి వైన్ గురించి ఎవరైనా పెద్ద పెద్ద మాటలు చెప్తే నేను ముందు చూసేది అదే.

నిజాంపేట్_నవీన్
అన్నా, నాదొక డౌట్. పోయిన నెల ఒక షాపులో ఫారిన్ బాటిల్ తీసుకున్న, ఎండ పడే అద్దాల దగ్గర నిలబెట్టి పెట్టిండు. ఇంట్లో ఓపెన్ చేస్తే తడిసిన అట్టపెట్టె వాసన. పండు వాసన అసలే లేదు. ఎండకే అట్లయిందా?

బెంగళూరు_సిరి
అట్టపెట్టె, తడి గోనెసంచి వాసన అయితే అది ఎండ వల్ల కాదు, కార్క్ జబ్బు. టీసీఏ అనే పదార్థం, లీటరుకి కొన్ని నానోగ్రాములున్నా చాలు వైన్ చచ్చిపోతుంది. ఒంటికి హాని లేదు, రుచే పోతుంది. హోటల్లో అయితే మొహమాటం లేకుండా వెనక్కి పంపండి. సీసా తెరిచి ముందు మీ గ్లాసులో కొంచెం పోసేది అది చూడమనే, నచ్చిందో లేదో చెప్పమని కాదు.

ఎండ తగిలితే వేరేలా ఉంటుంది. పండు ఉడికిపోయిన వాసన, కార్క్ కాస్త పైకి తోసుకొచ్చి ఉంటుంది. అద్దాల దగ్గర నిలబెట్టిన సీసా ఏదైనా కొనకండి. కారు డిక్కీలో మధ్యాహ్నం వదిలేసినా అంతే.

అడ్మిన్_2
రెండు మనవులు. తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్ళు నిండనివాళ్ళు ఈ సెక్షన్‌లోకి రావద్దు. సీసాలు అమ్ముతాం, తెప్పిస్తాం అనే మెసేజ్‌లు పెడితే తీసేస్తాం. నిన్న రెండు తీసేశాను.

శ్రీలత_లివర్‌మోర్
ఉమ్మడం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇక్కడ కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో వెంటే, కాంకానన్ అని రెండూ 1883లో మొదలైన వైనరీలున్నాయి. మనవాళ్ళు బాగా ఉండే ఊళ్ళకి దగ్గర. వారాంతాల్లో తెలుగు బాగానే వినపడుతుంది. అడిగితే ఉమ్మడానికి పాత్ర ఇస్తారు, మనవాళ్ళు మాత్రం దాన్ని ముట్టుకోరు, మర్యాద కాదని. నాలుగైదు రకాలు మింగాక నాలుకకి ఏమీ తెలియదు, ఆపైన కారు నడిపి ఇంటికెళ్ళాలి. పెదాలు బిగించి సన్నగా ధారగా ఉమ్మడం బాత్రూంలో నీళ్ళతో ప్రాక్టీసు చేయండి. నేనైతే అలాగే నేర్చుకున్నాను.

మింగకపోతే రుచి తెలియదని భయం వద్దు. గుక్క నోట్లో ఉండగానే కొంచెం గాలి లోపలికి పీల్చండి, వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి పోతుంది.

ఎర్రబస్సు
సరే, ఒప్పుకున్నానని కాదు. ఆదివారం నేనూ మా బావమరిదీ రెండు సీసాలు దాచిపెట్టి చూస్తాం. ఒకటి ఖరీదైనది, ఒకటి చవకది. ఏది ఏదో చెప్పలేకపోతే ఇక్కడే పెద్దక్షరాలతో రాస్తాను.

బెంగళూరు_సిరి
మూడు గ్లాసులు పోయించండి సర్. రెండిట్లో ఒకే వైన్, మూడోదాంట్లో ఇంకోటి. వేరేది ఏదో పట్టుకోవాలి. రెండే గ్లాసులైతే గుడ్డిగా చెప్పినా సగం సార్లు కరెక్టయిపోతుంది. మూడైతే మూడింట ఒక వంతే.

ఎర్రబస్సు
ఇది బాగుంది. బావమరిదికి చెప్పను.

మియాపూర్_మధు
చివరిగా ఒక డౌట్. రెండు సీసాల్లోనూ సగం పైన మిగిలింది. ఏం చేయాలి? మా ఆవిడ మటన్‌లో పోసేస్తానంటోంది.

కెమిస్ట్రీ_మాస్టారు
మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, ఎరుపైనా తెలుపైనా. మూడు నాలుగు రోజులు పర్వాలేదు. రోజూ ఒక గుక్క తాగి ఎలా మారుతోందో రాసుకోండి, అది కూడా పాఠమే. వెనిగర్ వాసన మొదలయ్యాక మటన్‌లో కూడా పోయవద్దని చెప్పండి.